రక్తమూ ఎముకా ఒకే జాతి ఎలా అయ్యాయి?

బడిలో చదువుకునే రోజుల్లో "రక్తం ఒక సంయోజక కణజాలం" అన్న వాక్యాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాశానే గానీ, పారే రక్తాన్నీ, బరువు మోసే ఎముకనూ ఒకే వర్గంలో ఎందుకు చేర్చారో నాకు అప్పట్లో బోధపడలేదు. చాలా కాలం తరువాత తెలిసిందేమిటంటే, కణాలను మాత్రమే చూస్తే ఈ వర్గీకరణ అర్థం కాదు. కణానికీ కణానికీ నడుమ ఏముందో కూడా చూడాలి.

ఒక పని కోసం కూడిన కణాలనూ, వాటి చుట్టూ ఉండే పదార్థాన్నీ కలిపి కణజాలం అంటాము. ఫ్రాన్సు వైద్యుడు బిషా సూక్ష్మదర్శినిపై నమ్మకం లేక, మృతదేహాల భాగాలను కోసి, ఉడికించి, ఎండబెట్టి, ఆమ్లాలలో నానబెట్టి 21 రకాల కణజాలాలను గుర్తించాడు. 1802లో, ముప్ఫై ఏళ్ల వయసులోనే ఆయన మరణించాడు. ఇప్పుడు మనం ప్రధానంగా నాలుగు రకాలనే లెక్కిస్తున్నాము.

ఉపకళా కణజాలంలో కణాల మధ్య ఖాళీ దాదాపు ఉండదు. చర్మం పైపొర, పేగుల లోపలి పొర, గ్రంథులు దీనితోనే ఏర్పడతాయి. దీనిలో రక్తనాళాలు ఉండవు కనుక, కింది పొర నుంచి ఊరి వచ్చే పోషకాలే దీనికి ఆధారం. ఊపిరితిత్తుల గాలి తిత్తులలో వాయువులు సులభంగా దాటేందుకు ఈ కణాలు రేకుల్లా పలుచగా ఉంటే, పేగులో జీర్ణమైన ఆహారాన్ని పీల్చుకునేందుకు స్తంభాల్లా నిలువుగా ఉంటాయి. రాపిడి ఎక్కువైన చోట అరుగుదలా ఎక్కువే. పేగు లోపలి పొర కొద్ది రోజులకే కొత్తదవుతుంది.

సంయోజక కణజాలం దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ కణాలు దూరదూరంగా ఉంటాయి. వాటి నడుమ పరుచుకున్న మాతృక అనే పదార్థమే ఆ కణజాలపు స్వభావాన్ని నిర్ణయిస్తుంది. మాతృకలో కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు చేరితే ఎముక. గట్టి జిగురులా ఉంటే మృదులాస్థి. కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు ఒకే దిశలో పేర్చుకుంటే కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం. సి విటమిను లేనిదే కొల్లాజెన్ సరిగా అల్లుకోదు. స్కర్వీ రోగులకు చిగుళ్ల నుంచి రక్తం కారడానికి, పాత గాయాలు తిరిగి తెరుచుకోవడానికి కారణం అదే. ఇక రక్తంలో మాతృక ద్రవరూపంలోని ప్లాస్మా, అంటే రక్తంలో సుమారు 55 శాతం. మామూలుగా దానిలో పోగులు కనిపించవు గానీ, గాయమైనప్పుడు ఫైబ్రిన్ పోగులు పుట్టి వల అల్లుతాయి. అయితే ఎముకలోనూ మృదులాస్థిలోనూ మాతృకను అక్కడి కణాలే తయారు చేసుకుంటే, ప్లాస్మాలోని ప్రోటీన్లలో అధిక భాగాన్ని తయారు చేసేది రక్తకణాలు కాదు, కాలేయం. అందువల్ల రక్తాన్ని ఈ వర్గంలో చేర్చడం కొంత సర్దుబాటేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కండర కణజాలం పని సంకోచించడమే. ఎముకలను కదిలించే చారల కండరాలు మన ఇచ్ఛకు లోబడితే, పేగులలో, రక్తనాళాలలో ఉండే నునుపు కండరాలూ, గుండె కండరమూ మన ప్రమేయం లేకుండానే పనిచేస్తాయి.

నాడీ కణజాలంలో నాడీకణాలు సంకేతాలను మోస్తాయి; గ్లియల్ కణాలు వాటికి ఆలంబననూ రక్షణనూ ఇస్తాయి. వెన్ను దిగువ నుంచి పాదం వరకు సాగే నాడీకణపు పోగు సుమారు ఒక మీటరు పొడవు ఉండవచ్చు, అదీ ఒకే ఒక్క కణానిది.

ఈ నాలుగింటి తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది దెబ్బ తగిలినప్పుడు. ఉపకళ త్వరగా పూడుకుంటుంది, ఎముక అతుక్కుంటుంది, రక్తనాళాలు లేని మృదులాస్థి మాత్రం చాలా కష్టంగా కోలుకుంటుంది. గుండెపోటులో చనిపోయిన కండరకణాల స్థానంలో కొత్తవి పుట్టడం అత్యల్పం కనుక, ఆ ఖాళీని కొల్లాజెన్ నిండిన మచ్చ పూడుస్తుంది. ఆ మచ్చ గుండె గోడ చిరిగిపోకుండా పట్టి ఉంచగలదు గానీ, మిగిలిన గుండెతో కలిసి సంకోచించలేదు.