ఇవి కూడా రాయొచ్చా టీచర్?

విశాఖలో ఆరు, ఏడు తరగతులకి తెలుగు చెప్తాను. మా పిల్లల్లో చాలామంది ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వస్తారు. వేసవి సెలవుల మీద వ్యాసం రాయమంటే, గైడులో ఉన్నట్టే అమ్మమ్మ గారి ఊరు, మామిడితోట, ఎడ్లబండి అని రాసేస్తారు. అదే పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని "సెలవుల్లో మీ ఇంట్లో ఏం జరిగిందిరా?" అని అడిగితే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి నాన్న సముద్రం మీదకి వెళ్లలేదని, బోటుకి రంగులేశారని, వల బాగుచేస్తుంటే తను దారం అందించాడని, ఆ రెండు నెలలూ అమ్మకి డబ్బుల టెన్షనని గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. మరి ఇది రాయలేదేం అంటే "ఇవి కూడా రాయొచ్చా టీచర్?" అంటాడు.

రాయొచ్చు. ఇవే రాయాలి.

అందుకే ముందు చెప్పించి, తర్వాత చెప్పింది చెప్పినట్టే రాయమంటాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి మన ఉత్తరాంధ్ర మనిషే, ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, అలాంటప్పుడు పిల్లలు ఇంట్లో మాట్లాడే మాట మొదటి ప్రతిలో కనిపిస్తే దాన్ని కొట్టేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఇక ఎర్ర పెన్ను. ఒత్తులు, దీర్ఘాలు, శ-ష-సలు అన్నీ ఒకేసారి దిద్దితే పిల్లలు తర్వాతిసారి తప్పు రాని మాటలే ఏరుకుంటారు. 'నిషేధం'లో ఒత్తు ఎక్కడో తెలియని పిల్లాడు నిషేధం సంగతే రాయడు, పేజీలో తప్పులూ ఉండవు, విషయమూ ఉండదు. నేను మొదటిసారి చదివినప్పుడు ఏమీ దిద్దను, పక్కన ఒక్క ప్రశ్న రాస్తాను: "వల ఎలా చిరిగింది?" దానికి జవాబుగా ఇంకో నాలుగు వాక్యాలు వస్తాయి, చాలాసార్లు వ్యాసం మొత్తంలో అవే బాగుంటాయి. ఆ తర్వాత గట్టిగా చదవమంటాను. ఎక్కడ వాక్యం తెగిందో వాళ్ల చెవికే తెలిసిపోతుంది. రెండో ప్రతిలో ఒక్క రకం తప్పులే చూస్తాను, ఈ వారం దీర్ఘాలైతే దీర్ఘాలే.

మార్కుల సంగతేంటని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. పదో తరగతి తెలుగు పేపర్లో లేఖ, సంభాషణ, కరపత్రం లాంటివి సొంతంగా రాయాల్సినవే, గైడులో చదివిందే వస్తుందన్న నమ్మకం లేదు. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది: నోట్సు తెరవగానే తప్పులు వెతక్కుండా, "తర్వాత ఏమైందమ్మా?" అని అడగండి.