హెడ్‌లైట్‌కు ఊపిరాడాలి

అక్టోబరు వానలకు మా కారు కుడి హెడ్‌లైట్ లోపల ఆవిరి పట్టింది. కింది మూలన పల్చగా పట్టి, లైటు వేసి కాసేపు నడిపితే పోయే ఆవిరికి నేను కంగారు పడను. బల్బు వేడికి లోపలి గాలి కొంత బయటికి పోతుంది, లైటు ఆర్పి చల్లబడ్డాక బయటి తేమ గాలి లోపలికి వస్తుంది. ఆ రాకపోకల కోసమే హెడ్‌లైట్ వెనక చిన్న గాలి దారులు పెడతారు. ఈసారి సంగతి అది కాదు. ఎండలో నిలబెట్టినా పోలేదు. లోపల చుక్కలు కట్టి, అడుగున నీళ్లు నిలిచాయి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూస్తాను, ఇల్లు నల్లగొండలో. వడ్ల సీజన్‌లో తిరిగొచ్చేసరికి రాత్రవుతుంది. వేములపల్లి, మాడ్గులపల్లి, తిప్పర్తి దాటేదాకా వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు. హెడ్‌లైట్‌లో నీటి చుక్కలుంటే వెలుగు చెదిరిపోతుంది. మనకు రాయి దగ్గరికొచ్చేదాకా కనపడదు, ఎదుటివాళ్ల కళ్లలో మాత్రం కొడుతుంది. అందుకే రేపు చూద్దాంలే అని వదిలేయబుద్ధి కాలేదు.

మెకానిక్ చూడగానే, "అన్నా, చుట్టూ సిలికాన్ కొట్టి బంద్ చేస్తా, చుక్క నీళ్లు పోవు" అన్నాడు. వద్దన్నాను. తడి లోపలుండగానే మూసేస్తే అది ఎటు పోతుంది? గాలి దారి కూడా మూసుకుపోతే చెమ్మ అక్కడే ఉండి, బల్బు వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ మీది మెరిసే పూతను తినేస్తుంది. అది పోయాక లైటు మొత్తం మార్చాల్సిందే. అడుగున డ్రిల్లుతో బెజ్జం పెట్టించేవాళ్లూ ఉన్నారు. నీళ్లు కారతాయి నిజమే, కానీ అదే దారిలో దుమ్ము, మళ్లీ నీళ్లు వస్తాయి.

ముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో వెతుకుదామన్నాను. హెడ్‌లైట్ ముందు అద్దానికి పగులు లేదు, అంచు సీలు బాగానే ఉంది. బానెట్ ఎత్తి వెనక చూస్తే, బల్బు మీద ఉండే రబ్బరు మూత ఎండిపోయి ఒక పక్క చీలి ఉంది. ఇంజన్ వేడికి రబ్బరు అట్లా గట్టిపడుతుంది.

లైటు విప్పి, నీళ్లు వంపి, బల్బు తీసి ఎండలో పెట్టాం. మిగిలిన చెమ్మకు హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడి మీద, కాస్త దూరం నుంచి ఆడించాం. దగ్గర పెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది. లోపల గుడ్డతో తుడవనివ్వలేదు, రిఫ్లెక్టర్ పూత మీద ఇట్టే గీతలు పడతాయి. కొత్త రబ్బరు మూత వేశాక, బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకుండా బిగించాం. మాది హాలోజన్ బల్బు. చేతి జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి తొందరగా పోతుంది.

చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు లోపల వేస్తే సరిపోతుందని మా బామ్మర్ది అన్నాడు. నీళ్లొచ్చే దారి మూయనంత కాలం అవి కాస్త తడి పీల్చుకుని ఊరుకుంటాయి. వేడి బల్బుకు తగిలితే అదొక టెన్షన్. ఎల్‌ఈడీ లైట్లున్న కార్లలో లైటు ముందు అద్దానికి తగిలే వేడి తక్కువ కాబట్టి మామూలు ఆవిరి కూడా ఆరడానికి టైం పడుతుంది. వాళ్లు తొందరపడి విప్పించొద్దు, వారంటీ ఉంటే అసలే వద్దు.

బిగించాక మామూలు పైపుతో నీళ్లు పోసి చూశాం, లోపల పొడిగానే ఉంది. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ గన్‌ను హెడ్‌లైట్ అంచుల మీద కొట్టొద్దని ఇప్పుడు నిలబడి మరీ చెప్తున్నాను. ఎడమ లైటు రబ్బరు కూడా గట్టిపడింది, అదీ తెప్పించమని చెప్పి వచ్చాను.