జిప్సీకి టైర్లు, కమాన్లు, గేర్లు: ఆర్నెల్ల పని ఎక్కడిదాకా వచ్చిందంటే

మొన్న ఆదివారం ఆటోనగర్ నుంచి నా మారుతి జిప్సీ బండి ఇంటికి తెచ్చేశా. టైర్లూ కమాన్లూ (బండి బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు) అయిపోయినట్టే, గేర్లు మాత్రం కావాలనే ఆపా. ఎందుకు ఆపానో, మొదట్లో ఏమనుకున్నానో, చివరికి ఎక్కడ తేలానో కొలతలతో సహా రాస్తున్నా, పాత జిప్సీ కొని క్యాంపింగ్‌కి తయారు చేసుకుందామనుకునే వాళ్ళకి పనికొస్తుంది.

బండి 2008 ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండే పెట్రోలు ఇంజను), 1298 సీసీ, 80 హార్స్ పవర్, టార్క్ (తిప్పే బలం) 103 న్యూటన్ మీటర్లు, అది కూడా 4500 ఆర్‌పీఎం దగ్గర. ముందూ వెనకా కమాన్ కట్టలే. నేనూ మా ఆవిడా పాపా, టెంటు, స్టవ్వు, నలభై లీటర్ల నీళ్ళు, ఒక బ్యాటరీ, టూల్స్, ఇదీ మా సామాను. దానికి అందరూ చెప్పే కాంబినేషన్ ఒకటుంది, 235 టైర్లు, మూడు నాలుగు అంగుళాల లిఫ్టు (బాడీని పైకి లేపడం), దానికి తగ్గ గేర్లు. నేనూ అదే అనుకుని మొదలుపెట్టా.

ముందు టైరు లెక్క. జిప్సీకి వచ్చే 205/70 ఆర్15 (205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము) మొత్తం ఎత్తు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 అయితే 703, 235/75 ఆర్15 అయితే 733. అంటే 215ది 5.3 శాతం, 235ది దాదాపు 10 శాతం పెద్దది. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి, లిఫ్ట్ చేస్తే బాడీ లేస్తుంది గానీ యాక్సిల్ హౌసింగ్ (చక్రాల ఇరుసు ఉండే గొట్టం) లేవదు, రాయి ముందు తగిలేది హౌసింగ్ మధ్యలో ఉండే ఆ గుండ్రటి డిఫరెన్షియల్‌కే, దాన్ని పైకి లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం. 215/75కి 18 మిల్లీమీటర్లు, 235కి 33. ఆ 15 మిల్లీమీటర్ల తేడా కోసం ఇంకెన్ని మార్చాలో చూసుకుంటూ పోతే నా లెక్కంతా తిరగబడింది.

ఫ్రెండ్ ఒకడి దగ్గర 235 మడ్ టెర్రెయిన్ టైర్లు (బురద కోసం లోతైన గాళ్ళుండేవి) వాడి రిమ్ములతో సహా వారం రోజులు తీసుకున్నా (నా రిమ్ముల వెడల్పు ఐదున్నర అంగుళాలే, 235కి కనీసం ఆరు కావాలి). సిటీలో బానే ఉంది. గుంటూరు హైవే మీద ఎదురుగాలికి ఐదో గేరులో బండి లాగలేదు, నాలుగులోనే వెళ్ళా, స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే అసలు వేగం 88 దాకా ఉంటుంది. అసలు పరీక్ష బావ వాళ్ళ ఊళ్ళో కాలువ కట్ట ఎక్కేటప్పుడు వచ్చింది. సామాను మొత్తం ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్ ‘లో’ (నెమ్మదిగా, బలంగా లాగే గేరు) వేశా, ఫస్ట్ గేరు, మధ్యలో ఆగి మళ్ళీ కదిలించాల్సి వచ్చింది, క్లచ్ వాసన లోపలికి కొట్టింది, మా ఆవిడ పాపని తీసుకుని దిగిపోయింది. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజను బలాన్ని ముందూ వెనకా చక్రాలకి పంచే గేర్ల డబ్బా) ‘లో’ నిష్పత్తి 2.268, పది శాతం పెద్ద టైరు వేస్తే అది 2.07 ఉన్నట్టు పనిచేస్తుంది, పైగా ఆ టైర్ల బరువు. అప్పుడు అర్థమైంది నాకు, ఈ టైరు వేస్తే గేర్లు మార్చడం తప్పనిసరి ఖర్చని.

ఇంక టైరు మీద చెక్కుడు, అంటే గాళ్ళ డిజైను. మా వైపు నల్లరేగడి సంగతి తెలిసిందేగా, వాన పడ్డాక డొంకలో దిగితే రెండు చుట్లు తిరిగేసరికి టైరు మీద గాళ్ళే కనపడవు, నున్నగా అరిసె పిండి పూసినట్టు అయిపోతుంది. నా పాత రోడ్డు టైరు గాళ్ళలోంచి స్క్రూడ్రైవర్‌తో బంక తీస్తుంటే అచ్చు గాడి ఆకారంలో పలకలు పలకలుగా ఊడొచ్చింది. మడ్ టెర్రెయిన్ అయితే ఆక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఆ బంకని బయటికి విసిరేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి, రేగట్లో దానికి సాటి లేదు. కానీ ఆర్నెల్లు నేను రాసుకున్న కిలోమీటర్లు చూస్తే పదింట ఎనిమిది వంతులు తారు రోడ్డే, మిగిలింది మాచర్ల వైపు రాళ్ళూ, కృష్ణ ఒడ్డున ఇసకా. తడి రేగడి మూడే మూడు రోజులు. బావ ఒకటే మాటన్నాడు, "వాన పడ్డాక రేగట్లోకి ట్రాక్టరే దిగదు, నువ్వెందుకు దిగుతావు బావా, రెండ్రోజులు ఆగు" అని. ఆ మాటతో ఆల్ టెర్రెయిన్‌కి (అన్ని రకాల నేలకీ పనికొచ్చే టైరు) వచ్చేశా.

చివరికి తీసుకున్నది 215/75 ఆర్15 ఆల్ టెర్రెయిన్, స్టెప్నీతో కలిపి ఐదు. నా ఐదున్నర రిమ్ముకి సరిపోతుంది. కొనేటప్పుడు ఎక్కువ ప్లై రేటింగ్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) ఉన్నదే గట్టిదని షాపులో చెప్తారు, బరువు బండికి అది నిజమే, టన్ను పైచిలుకు ఉండే జిప్సీకి ఆ పక్కగోడ అసలు వంగదు, రాళ్ళ మీద బండి ఎగిరెగిరి పడుతుంది. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ కూడా చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాకు మొదట తెచ్చిన వాటిలో రెండు మిగతావాటికంటే ఏడాదిన్నర పాతవి, మార్చి ఇమ్మంటే ఇచ్చారు. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూస్తున్నా, రోడ్డుకి 28 పీఎస్ఐ, రాళ్ళకి 20, ఇసకలో 16. మళ్ళీ కొట్టుకోడానికి చిన్న కంప్రెసర్ లేకుండా గాలి మాత్రం తీయొద్దు.

లిఫ్టు దగ్గర ఒక దెబ్బ తిన్నా. చౌకలో అయిపోతుందని ఒక లేత్ షాపులో రెండంగుళాలు పొడవు షాకిల్ ప్లేట్లు (కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే పట్టీలు) చేయించి ముందూ వెనకా వేయించా. రెండంగుళాల షాకిల్‌కి బండి లేచేది అంగుళమే, ఆ లెక్క తెలిసే చేయించా, తెలియంది ఇంకోటి. జిప్సీకి ముందు కమాన్ షాకిల్ ముందు వైపే ఉంటుంది, దాన్ని పొడుగు చేస్తే కట్ట ముందుకి వాలి యాక్సిల్ తిరుగుతుంది, క్యాస్టర్ (స్టీరింగ్‌ని నిటారుగా నిలబెట్టే వెనక్కి వాలు) తగ్గిపోతుంది. 80 దాటితే స్టీరింగ్ తేలిపోయి, మలుపు తర్వాత దానంతటది వెనక్కి రాకపోతే భయమేసింది, పాప వెనకుంది మరి. వారంలో పీకించేశా. క్యాస్టర్‌ని కమాన్ కింద ఏటవాలు చీలికలు పెట్టి సరిచేయొచ్చు, కానీ అంగుళం కోసం అంత అవసరం లేదనిపించింది.

తర్వాత చేసిన పని మొదటే చేయాల్సింది, సామానూ మనుషులతో సహా బండిని కాటా మీదకి ఎక్కించడం. ముందు చక్రాలు ఒకసారి, మొత్తం ఒకసారి. మొత్తం 1310 కిలోలు, ముందు 590, వెనక 720. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుకి కొలిస్తే వెనక ఖాళీగా 46 సెంటీమీటర్లు ఉన్నది సామానుతో 40, ఎడమ వైపు 39. నీళ్ళ క్యాన్లు వెనక డోరు దగ్గర్నుంచి తీసి ముందు సీట్ల వెనక్కి చేరిస్తే వెనక 20 కిలోలు తగ్గింది, పైసా ఖర్చు లేదు.

ఆ కొలతలు తీసుకుని కమాన్ల షాపు పెద్దాయన దగ్గరికెళ్ళా. ఆయన కట్ట విప్పి పట్టీలు వరసగా నేల మీద పరిచి మెయిన్ పట్టీ మీద వేలితో రాసి చూశాడు. "మీకు ఎత్తు కాదండీ కావాల్సింది, అలిసిపోయిందిది, నిలబెట్టుకోవాలి" అన్నాడు. వెనక పట్టీలకి చల్లగానే వంపు కొట్టాడు, కాల్చి కొడితే టెంపర్ (ఉక్కు బిగువు) పోతుందంట, ఒక పల్చటి పట్టీ కలిపాడు, సెంటర్ బోల్టులూ యూ బోల్టులూ (కట్టని యాక్సిల్‌కి బిగించేవి) కొత్తవి, పాత యూ బోల్టులు మళ్ళీ బిగించనివ్వకండి. ముందు బుష్‌లు మాత్రమే మార్చాం. ఇప్పుడు సామానుతో వెనక 44, రెండు వైపులా సమానం. చక్రం గాల్లో వేలాడేలా జాకీ మీద లేపి చూశాం, బ్రేక్ హోస్ లాగట్లేదు, పాత షాక్ అబ్జార్బర్లే సరిపోయాయి, 215 టైరు స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ఎక్కడా రాసుకోవట్లేదు.

కాగితాల సంగతి కూడా ఆలోచించా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దాని మీద 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్పులు చేయడం చిన్న విషయం కాదు. ఎత్తు విషయంలో నేను పోయినదాన్ని తెచ్చుకున్నా అంతే. టైరు సైజు మాత్రం మారింది కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసి పంపా, జవాబు రావాలి.

గేర్ల విషయానికొస్తే, జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు, విడిగా మధ్యలో చిన్న షాఫ్టుతో ఉంటుంది, అందుకే రెండు డిఫరెన్షియళ్ళూ విప్పి క్రౌన్ పినియన్లు (అందులోని గేర్ల జత) మార్చేకంటే ఆ ఒక్క డబ్బాలో పని చేయడం నయం. బయట దేశాల్లో సమురాయ్‌కి (జిప్సీ లాంటి సుజుకీ బండి) దొరికే 4.16 సెట్ వేస్తే ‘లో’ నిష్పత్తి 83 శాతం, ‘హై’ నిష్పత్తి 12 శాతం పెరుగుతాయి, అంటే బండి ఇంకా నెమ్మదిగా, బలంగా లాగుతుంది. 235 వేసుంటే అదే కొనేవాణ్ణి. 215తో నా ‘లో’ నిష్పత్తి లెక్క 2.15, అదే కాలువ కట్ట అదే సామానుతో మధ్యలో ఆపి కదిలించా, క్లచ్ వాసన రాలేదు. మా ఆవిడ ఈసారి దిగలేదు.

మిగిలినవి రెండు. ఐదొందల కిలోమీటర్లయ్యాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి, ఇప్పటికి 210 అయ్యాయి. కొత్త స్టెప్నీ బరువుకి వెనక డోరు కాస్త కిందికి దిగి లాక్ దగ్గర తగులుతోంది, కార్తీక మాసం వనభోజనాల లోపు ఆ కీళ్ళకి సపోర్ట్ ప్లేటు వేయించాలి.