సాయంత్రం 60, పొద్దున 52

సైకిల్ వెనక చక్రం మళ్లీ దిగింది. కొత్త ట్యూబు, రిమ్ములోని రంధ్రాలని కప్పే కొత్త టేపు వేసి, ఈసారి పని అయిపోయిందని నిశ్చింతగా పడుకున్నా. రాత్రి గాలి 60 పీఎస్ఐ ఒత్తిడికి కొడితే పొద్దున 52. ముందు చక్రం అదే బండిది, అదే గోడకి ఆనుకుని ఉంది, 57. ఒళ్లు మండిపోతోంది.

ముందు రైడ్ సంగతి ముక్కలో చెప్పేస్తా, అది హిట్టే. లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కణ్నుంచి కాలువ పట్టుకుని ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం. గేరు మార్చే పనే పడలేదు. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ కాలువల్లో సాగునీటితో పాటు సరుకు పడవలూ నడిచేవి. డెల్టా నేల ఎలాగూ చదును, నీటి మట్టం దిగాల్సిన చోట పడవల కోసం లాకు కట్టారు. ఇవాళ మన మోకాళ్లకి ఆ సుఖం దక్కుతోంది. వెళ్తే దాళ్వాకి, అంటే రబీ వరికి, నీళ్లు పారుతున్నప్పుడే వెళ్లండి. ఎండాకాలం కాలువలకి నీళ్లు ఆపేశాక బురద, గుర్రపుడెక్క తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు. ఆత్రేయపురంలో పూతరేకులు కొనాలా అని అడక్కండి, అదీ ఒక ప్రశ్నేనా!

అసలు గొడవ లాకులు దాటాక, రోడ్డు వదిలి గట్టు మీది మట్టిదారి పట్టినప్పుడు మొదలైంది. గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, నా టైరు చూసి, "పల్లేరుకాయలండి బాబూ, మా గేదెలే అటు తొక్కవు, ఆయ్" అన్నాడు. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. కాయని పీకితే ముల్లు మొన టైరులోనే విరిగి ఉండిపోతుంది. రావులపాలెంలో టైరు లోపల దూది రాస్తూ పోతే అది చిక్కుకున్న చోటల్లా ఒక మొన దొరికింది, ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ప్యాచ్ వేసుకుని ఇంటికొచ్చా. ఆ రాత్రి 60, పొద్దున 38.

ఒక్క మాట: పంపు మీటరుతో పొద్దుటి కొలత తీస్తే తప్పు వస్తుంది. పైపు తగిలించగానే ట్యూబులోని గాలి కొంత దాంట్లోకి పోతుంది. విడిగా దొరికే డిజిటల్ గేజ్ కొనుక్కోండి, లేదా నాలాగా రెండు చక్రాలూ ఒకే తీరున కొలిచి తేడా చూడండి. రాత్రి ఎనిమిది డిగ్రీలు చల్లబడితే 60 కాస్తా 58 అవుతుంది. రబ్బరులోంచి ఇంకొక పాయింటు పోతుందనుకున్నా 57. ముందు చక్రం చూపిస్తున్నదీ అదే. కాబట్టి 57 కన్నా తగ్గిన ప్రతి పాయింటూ లీకు ఖాతాలోదే.

మా వీధి పంక్చర్ అన్న ట్యూబుని బకెట్లో తిప్పి తిప్పి, "బుడగ వస్తలేదన్నా, వాల్వే పోయినట్టుంది" అన్నాడు. వాల్వుకి సబ్బునీళ్లు పెట్టి చూశా, కదల్లేదు. ట్యూబుని మామూలు లావుకి రెండింతలు ఉబ్బేదాకా గాలి కొట్టి మళ్లీ ముంచా. అప్పుడు కనిపించింది: పదీ పన్నెండు సెకన్లకి ఒక సన్నటి బుడగ, వాల్వుకి 15 సెంటీమీటర్ల దూరంలో, టైరు వైపు కాదు, రిమ్ము వైపు!

రిమ్ము లోపలి చుట్టు దారంతో కొలిస్తే 192 సెంటీమీటర్లు. 32 పుల్లలు (స్పోకులు), అంటే పుల్లకీ పుల్లకీ మధ్య 6. వాల్వు రెండు పుల్లల నడుమ ఉంటుంది కనక పుల్లల రంధ్రాలు 3, 9, 15 దగ్గర పడతాయి. బుడగ సరిగ్గా మూడో రంధ్రం మీద. పల్లేరుకాయలకి ఈ కేసులో బెయిల్. టేపు ఊడదీస్తే రిమ్ము లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు, బండితో వచ్చిన ప్లాస్టిక్ టేపు 16. మూడో రంధ్రం దగ్గర అది పక్కకి జరిగి రంధ్రం అంచు బయటపడింది, వేలు పెడితే గీరుకుంటోంది. ఉప్పుకాగితంతో అంచు నున్నగా రుద్ది, 18 మిల్లీమీటర్ల గుడ్డ టేపు బిగించి, కొత్త ట్యూబు వేశా.

అదే 52.

ఇప్పుడు అనుమానం ఎండ మీద. బండి ఉండేది పడమటి బాల్కనీలో. 25 డిగ్రీల దగ్గర కొట్టిన 60, ట్యూబు 45కి వేడెక్కితే 65 అవుతుంది. ఆ వేడికి జిగురు మెత్తబడి, ఆ ఒత్తిడికి టేపు రంధ్రాల్లోకి కుంగుతోందని నా లెక్క. ట్యూబు తీసి చూస్తే రిమ్ము వైపు రూపాయి బిళ్ల కన్నా చిన్న గుండ్రటి అచ్చులు వరసగా ఉన్నాయి, బొక్క మాత్రం లేదు. పైన సోలార్ పలకల కప్పున్న నార్సింగి సైకిల్ ట్రాక్ మీద, ఆ నీడలోనే తొక్కి, బండిని హాల్లో పెట్టిన రాత్రి 55. బాల్కనీలో ఎండకి వదిలేసిన రోజు 51. ఎండ పాత్ర ఉంది కానీ, హాల్లో కూడా ఆ రెండు పాయింట్లు ఎటు పోతున్నాయి? వాల్వు మొదట్లో నట్టు మరీ బిగించినా అక్కడ రబ్బరు చీలుతుంది. ఈసారి నట్టు లేకుండా చూడాలి.

ట్యూబులో సీలెంట్, అంటే బొక్కల్ని లోపల్నుంచి పూడ్చే ద్రవం, పోయమని సలహాలొస్తున్నాయి. నాకు నచ్చదు, ఆ జిగట వాల్వులో గడ్డకడుతుంది. ట్యూబ్‌లెస్ మంచిదే గానీ మన హైదరాబాద్ ఎండల్లో సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, ఊరికే పోస్తూ ఉండాలి. ష్వాల్బే మారథాన్ ప్లస్ టైరు ముల్లుని ఆపుతుంది, ఆ బరువు మాత్రం కాళ్లకి తెలుస్తుంది. ప్యాచ్‌కైతే సోల్యూషన్ రాసి అతికించేదే, స్టిక్కర్ ప్యాచ్‌లు మన వేడికి ఆగవు.

తర్వాతి ప్లాన్ ఊళ్లోనే. కుతుబ్‌షాహీల కాలంలో హుస్సేన్‌సాగర్‌కి నీళ్లు తెచ్చిన బుల్కాపూర్ కాలువ ఇప్పుడు చాలాచోట్ల నాలా అయిపోయింది. కోకాపేట, నార్సింగి, మణికొండ, టోలిచౌకి మీదుగా దాని జాడ పట్టుకుని సాగర్ దాకా పోవాలని ఉంది. మేకులు, గాజుపెంకుల దారి కాబట్టి దానికి పాత టైర్లే. దాని తర్వాత విజయవాడ నుంచి ఏలూరు కాలువ. వెనక చక్రం వరసగా ఒక వారం 56కి తగ్గకుండా నిలిస్తే టికెట్ తీస్తా. లేదంటే రిమ్మే మార్చేస్తా, ఈసారి లోపల రంధ్రాల అంచులు వేలితో తడిమి చూసి మరీ కొంటా.