పాస్‌పోర్టులో ఖాళీగా వదిలిన ఇంటిపేరు గడి

నిన్న సాయంత్రం నా డ్రైవింగ్ లైసెన్సు కార్డు పోస్టులో వచ్చింది. జె-1 అనే సాంస్కృతిక, విద్యా మార్పిడి వీసా మీద లెక్కల టీచరుగా అమెరికాకు వచ్చి నిన్నటికి 97 రోజులు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న ఉపాధ్యాయులు, బయలుదేరబోతున్నవారు, నాకు తెలిసినంతలోనే ఐదారుగురు ఉన్నారు. పడిన అవమానం ఇంకా పచ్చిగా ఉండగానే వారి కోసం ఇది రాస్తున్నాను.

మొదటి పనులన్నీ సులువుగానే జరిగాయి. నన్ను ఈ కార్యక్రమంలోకి తీసుకున్న స్పాన్సర్ సంస్థ జె-1కు కావలసిన అర్హత పత్రం డీఎస్-2019 పంపింది, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపాను, వీసా ఇంటర్వ్యూ మూడు నిమిషాల్లో ముగిసింది. ఇక్కడికి వచ్చాక స్పాన్సర్ సెవిస్‌లో, అంటే మార్పిడి వీసాల మీద వచ్చినవారి వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో, నా రికార్డు యాక్టివేట్ చేసింది, ఆ తర్వాత దరఖాస్తు పెడితే జీతానికి, పన్నులకు వాడే నంబరు ఉండే సోషల్ సెక్యూరిటీ కార్డు రెండు వారాల్లో ఇంటికే వచ్చింది.

చిక్కంతా పేరుతోనే వచ్చింది. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, అది కూడా చాలామందికి పొడి అక్షరంగానే ఉంటుంది. ఎనిమిదేళ్ల కిందట నా పాస్‌పోర్టు ఫారం నింపిన ఏజెంటు, “ఇంటిపేరు విడిగా ఎందుకు మేడమ్, పేరంతా ఒకే గడిలో రాసేద్దాం” అని ఆ గడి ఖాళీగా వదిలేశాడు. డబ్బు తీసుకుని చేసిన పనిలో ఆ నిర్లక్ష్యాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. అలాంటి పాస్‌పోర్టుకు అమెరికా వీసా వేసేటప్పుడు పేరు మొత్తాన్ని ఇంటిపేరుగా తీసుకుని, మన పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని ముద్రిస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు అని దాని అర్థం.

నేనుండే ఊళ్లో బస్సు లేదు. బడికి ఒక తోటి టీచరు తన కారులో తీసుకువెళ్లేవారు, సరుకులకు మాత్రం కాలిబాట లేని రోడ్డు అంచున నలభై నిమిషాలు నడిచేదాన్ని. కాబట్టి నాకు లైసెన్సు అత్యవసరం. లైసెన్సుల ఆఫీసులో మొదటి రోజు గుమస్తా నా కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. వీసా మీద, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 మీద ఎఫ్.ఎన్.యు. ఉంది, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద అది లేదు. కంప్యూటర్ ఒప్పుకోవడం లేదని, నా అసలు పేరేమిటో తేల్చుకుని రమ్మని చెప్పాడు. రెండోసారి వెళ్లినప్పుడు మరో గుమస్తా ఐ-94 పైకెత్తి, “మొదటి పేరు తెలియదు” అని పక్క కౌంటరు వారికి వినబడేలా చదివి, “మీ పేరు మీకు తెలియదా?” అని అడిగింది. నా వెనుక వరుసలో పదిహేను మంది ఉన్నారు. పంతొమ్మిదేళ్లు పాఠం చెప్పిన దాన్ని, వరసగా ఆరేళ్లు నా పదో తరగతి పిల్లల్లో ఒక్కరు కూడా లెక్కల్లో తప్పలేదు, అటువంటి దాన్ని ఆ కౌంటరు ముందు నోట మాట రాక నిలబడ్డాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మూడోసారి సూపర్‌వైజరును కలవాలని పట్టుబట్టాను. ఆయన నెమ్మదిగా విన్నారు. వలస శాఖ వివరాలు సరిచూసే సేవ్ అనే వ్యవస్థలో మొదటి తనిఖీ తేలకపోతే అదనపు తనిఖీకి పంపే వీలుందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. మొదటి ఇద్దరికీ తెలిసి ఉండాలి. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. మీకూ ఇదే జరిగితే గుమస్తాతో వాదించకండి, అదనపు తనిఖీకి పంపమని ఆ మాటతోనే అడగండి.

బడిలో జరిగింది ఇంకా బాధాకరం. నియామకాలు చూసే విభాగం వారు ఆ మూడు అక్షరాలనే నా పేరుగా ఎక్కించారు. ఈమెయిల్ దానితోనే మొదలవుతుంది, తరగతి గది తలుపు మీద కూడా అదే అంటించారు. మొదటి రోజు ఏడో తరగతి పిల్లవాడొకడు, “మిస్, ఫ్నూ అంటే ఏమిటి?” అని అడిగాడు. నేను బోర్డు మీద నా పేరంతా, ఇంటిపేరు ముందు పెట్టి, మన పద్ధతిలోనే రాసి, ముక్కలు ముక్కలుగా విడదీసి పలికించాను. వారం తిరక్కుండా ఆ తరగతిలో అందరూ తప్పులేకుండా పిలిచారు. పిల్లలు వారంలో నేర్చుకున్నది ఆ విభాగం మూడు నెలల్లో నేర్చుకోలేదు. మొదటి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే పింఛను, వృద్ధుల వైద్య బీమా పన్నుల కింద 7.65 శాతం కోసింది కూడా వారే. జె-1 టీచర్లకు సాధారణంగా మొదటి రెండు క్యాలెండరు సంవత్సరాలు ఆ కోత ఉండదు, మీ జీతం చీటీ తప్పక చూసుకోండి.

డీఎస్-2019కు వివరాలు పంపకముందే, ఇండియాలో ఉండగానే, పాస్‌పోర్టు రీఇష్యూకు పెట్టి ఇంటిపేరు, పేరు విడివిడి గడుల్లో రాయించుకోండి. ఇక్కడికి వచ్చాక మారిస్తే డీఎస్-2019, సోషల్ సెక్యూరిటీ రికార్డు, లైసెన్సు ఒకదాని వెనుక ఒకటి మళ్లీ మార్చుకోవాలి. నాకు ఇక ఆ దారి తప్పదు, ఎందుకంటే నిన్న వచ్చిన కార్డు మీద కూడా పేరుండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అనే ఉంది. రీఇష్యూ ఫారం ఈ ఆదివారం నింపుతున్నాను, ఈసారి నా చేత్తోనే.