ఈసీజీకి అందని నొప్పి

2021 మేలో మా అన్నయ్య కోవిడ్‌తో పోయాడు. ఆయన హైదరాబాద్ ఆసుపత్రిలో, వదిన, పిల్లలు ఇంట్లో పాజిటివ్‌తో, నేను రాజమండ్రిలో. కడసారి చూపు ఎవరికీ దక్కలేదు. పెద్దకర్మ కూడా వీడియో కాల్‌లోనే చూశాను, మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. ఆ తర్వాత సెలవు కూడా పొడిగించకుండా బ్యాంకుకి వెళ్లిపోయాను. కౌంటర్‌లో కూర్చుంటే జనం, చలాన్లు, సాయంత్రానికి క్యాష్ టాలీ అవ్వాలన్న హడావుడి. ఏడవడానికి తీరికేదీ? "గట్టి మనిషండి" అని స్టాఫ్ అంతా మెచ్చుకున్నారు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం నోట్లు లెక్కపెడుతుంటే రొమ్ము మధ్యలో పట్టేసింది. ఊపిరి లోపలికి పోతోంది గానీ చాలడం లేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ జివ్వుమంది, ఒళ్లంతా చల్లచెమటలు. ఇక అయిపోయిందనే అనుకున్నాను. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, గుండెపోటేమోనని ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేశారు. మర్నాడు గుండె స్కానింగ్ టూడీ ఎకో, ఆపైన ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ. అన్నీ నార్మల్. ఒకచోట గ్యాస్ అని పాంటాప్రజోల్ రాశారు. ఇంకోచోట "మీరు ఊరికే ఊహించుకుంటున్నారమ్మా" అన్నారు. రిపోర్టులో లేని నొప్పి నొప్పే కాదన్నట్టు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు నాకు.

రిపోర్టులు బాగున్నా పట్టేయడం ఆగలేదు. అన్నయ్యకీ మొదలైంది ఆయాసంతోనే. ఆయన నాకు పంపిన ఆఖరి మెసేజ్‌లో ఒక అంకె తప్ప ఇంకేమీ లేదు: 88. ఆక్సిజన్ శాచురేషన్. అప్పుడు కొన్న ఆక్సీమీటరు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. ఛాతీలో కాస్త కదిలితే చాలు, బాత్రూంలోకి వెళ్లి వేలికి తగిలించుకునేదాన్ని. 98 వచ్చేది. ఒక్కోసారి 99. చూసిన క్షణం ప్రాణం కుదుటపడేది, బయటికొచ్చాక మళ్లీ మామూలే.

చివరికి ఒక పెద్దాయన, ఫిజీషియన్, ఫైలు తెరవకుండానే అడిగారు: "ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా అమ్మా?" అన్నయ్య సంగతి చెప్పాను. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందనీ, వేళ్ల తిమ్మిరికీ మూతి జివ్వుమనడానికీ అదే కారణమనీ బొమ్మ గీసి చూపించారు. పానిక్ ఎటాక్ అన్న మాట అప్పుడే విన్నాను. ఆయనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. అక్కడ ఆందోళన తగ్గించే మాత్ర ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగుందనిపించినా నాకై నేను ఆపకూడదని రెండుసార్లు చెప్పారు. మా అత్తగారు మాత్రం "పిచ్చి మాత్రలు మనకెందుకమ్మా" అని వారం రోజులు సణిగారు.

మాత్రలతో నిద్ర పట్టింది. ఎటాక్‌లు తగ్గాయి. ఛాతీ మధ్యలో ఆ బరువు మాత్రం కదల్లేదు, కన్నీటి చుక్క కూడా రాలేదు. యోగా చేయవచ్చా అని అడిగితే డాక్టరుగారు సరే అన్నారు. ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు మాత్రం వద్దన్నారు.

మా వీధి చివర ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. తెల్లవారుజామున మేడ మీద నలుగురైదుగురికి యోగా నేర్పుతారు, ఫీజు లేదు. నా కథ విని "అనాహతం దగ్గర కూర్చుందాం అమ్మాయ్" అన్నారు. అనాహతమంటే యోగాలో గుండె దగ్గర ఉందని చెప్పే చక్రం. నాకు నవ్వొచ్చింది. యూట్యూబ్‌లో హృదయ చక్రమంటే ఆకుపచ్చ వెలుగు, ఆకుపచ్చ రాళ్ల దండ, దాని కింద కొనడానికి లింకు. అదే అన్నాను. చక్రాలకి ఈ ఇంద్రధనుస్సు రంగులు ఈ మధ్య వచ్చినవేనని మాస్టారు చెప్పారు. 16వ శతాబ్దంలో బెంగాల్‌కి చెందిన పూర్ణానందుడు రాసిన షట్చక్రనిరూపణంలో అనాహతం మంకెనపువ్వు ఎరుపు. పన్నెండు రేకులు, వాటి మీద క నుంచి ఠ వరకు అక్షరాలు, లోపల పొగరంగు షట్కోణం. తత్త్వం వాయువు, బీజాక్షరం యం, వాహనం కృష్ణమృగం.

"ఇవన్నీ నాకెందుకు మాస్టారూ?"

"శుక్రవారం శుక్రవారం నువ్వు చదివేదేమిటి మరి?"

నిజమే. లలితా సహస్రనామాల్లో 'అనాహతాబ్జనిలయా శ్యామాభా వదనద్వయా' అని చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను, ఎక్కడా ఆగకుండా, పొయ్యి మీద పాలు చూసుకుంటూ. అక్కడి దేవత రాకిణి, ఆవిడకి ఇష్టమైన నైవేద్యం స్నిగ్ధౌదనం, అంటే నేతి అన్నం. షట్చక్రనిరూపణంలోనేమో అదే పద్మంలో కాకిని ఉంటుంది. రంగూ వేరు, దేవతా వేరు, ఏది నిజమని పట్టుబట్టాను. మాస్టారు తొణకలేదు. "ఎక్స్‌రేలో కనపడే వస్తువైతే కదమ్మా ఏదో ఒకటే కావడానికి! మనసు నిలపడానికి పెట్టుకున్న గుర్తు అది" అన్నారు. ఆ మాటతోనే నేను రేపు కూడా రావచ్చనిపించింది.

ఆసనాలు తేలికైనవే. భుజంగాసనం, సేతుబంధాసనం. ఆ తర్వాత దుప్పటి చుట్టి వీపు పైభాగం కింద పెట్టుకుని చేతులు పక్కలకి వదిలేసి పడుకోవడం. లేచి కూర్చున్నాక భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం. చివర్లో రొమ్ము మధ్య ధ్యాస పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు పట్టేలా వదులుతూ, వదిలేటప్పుడు మనసులో యం అనుకోవడం.

వినడానికి ఇంతే. మొదటిసారి ధ్యాస అక్కడికి పోగానే ఎటాక్ మొదలైంది! చెయ్యి బ్యాగు కోసం వెతికింది, బ్యాగు కింద గుమ్మం దగ్గరుంది. "కళ్లు తెరువమ్మా. అరికాళ్లు నేలకి ఆనించు. ఎదురుగా ఏమున్నాయో చెప్పు" అన్నారు మాస్టారు. వాటర్ ట్యాంకు, పక్కింటి చీరలు, డిష్ యాంటెనా, కాకి. కాకి దాకా వచ్చేసరికి ఊపిరి దారిలో పడింది. మర్నాటి నుంచి అక్కడ ఉండాల్సింది నాలుగైదు ఊపిర్లే అన్నారు, మిగతా సమయం కబుర్లు. అలా కొంచెం కొంచెం పెంచారు.

నాకు ఒరిగింది ఇక్కడే. అన్నాళ్లూ ఆ చోటుకి నేను కాపలా కాశాను. ఏ చిన్న చప్పుడైనా చావు కబురేనన్నట్టు. మేడ మీద మొదటిసారి కాపలా మానేసి, అక్కడ ఏముందో చూద్దామని కూర్చున్నాను. బరువుంది, వేడిగా ఉంది, ఊపిరి వదిలినప్పుడు కొంచెం దిగుతోంది. దిగుతోందన్న సంగతి ఏ మీటరూ చెప్పలేదు నాకు.

కార్తీకంలో ఒకరోజు దుప్పటి మీద పడుకుని ఉండగా, ఎందుకు గుర్తొచ్చిందో, వేసవి సెలవుల్లో అన్నయ్య కొత్తావకాయ కలుపుతూ కారం కారం అని గోలపెడుతున్న నా ముద్దలో ఇంకో చెంచా నెయ్యి వేయడం గుర్తొచ్చింది. ఇక ఆగలేదు. వెక్కి వెక్కి, ముక్కు కారిపోతుంటే పవిటతో తుడుచుకుంటూ, పక్కవాళ్లున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. మాస్టారు దగ్గరికి రాలేదు, ఊరుకో అనలేదు. మిగిలినవాళ్లకి శవాసనం చెబుతూనే ఉన్నారు.

చక్రం తెరుచుకుందా అని మా పిన్ని అడిగింది. ఏం చెప్పను? ఊపిరి నిదానంగా వదిలితే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుందని డాక్టరుగారు అంటారు. వాయుతత్త్వం కుదురుకుందని మాస్టారంటారు. నాకు రెండూ పనికొచ్చాయి, మాత్రలతో కలిపి. "చక్రం సరయ్యాక మందులెందుకే" అని అదే పిన్ని అన్నప్పుడు మాత్రం గట్టిగానే సమాధానం చెప్పాను. ఏడాది దాటాక డాక్టరుగారే డోసు మెల్లగా తగ్గిస్తూ ఆపించారు. మెడ వెనక్కి వంచే ఉష్ట్రాసనం లాంటివి నేను ఇప్పటికీ చేయను. నాకు మెడ నొప్పి ఉంది, రొమ్ము విప్పాలని మెడ విరుచుకోవడం దేనికి?

కాస్త తేరుకున్నాక హైదరాబాద్ వెళ్లాను. అన్నయ్య బీరువా వదినా నేనూ కలిసి తెరిచాం. చొక్కాలు మడతపెడుతూ ఆవిడకి భుజంగాసనం సంగతి చెప్తుంటే మధ్యలోనే ఆపేసింది: "నాకు ఏడుపు బాగానే వస్తోంది వదినా, నిద్రే రావట్లేదు." అయితే ఆసనాలు తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి పద అన్నాను. గడప దాటే ఓపిక లేదంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ కలిపి ఇచ్చాను. ఖర్చేమీ లేదు, తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాతి నెలలో ఆవిడే ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి వెళ్లొచ్చింది. ఇప్పుడు మందులు వాడుతోంది. ఆదివారాలు పొద్దున వీడియో కాల్‌లో ఇద్దరం భ్రామరి చేస్తాం, ఇంట్లోకి తుమ్మెదలు దూరాయని పిల్లలు వెక్కిరిస్తారు.