మిషను ఆగినాక

బెంగుళూరు గార్మెంట్స్‌లో నాది సైడ్ సీమ్, అంటే బట్టకు పక్క కుట్లు వేసే పని. ఓవర్‌లాక్ మిషను మీద గంటకెన్ని పీసులైనాయో సూపర్‌వైజరు బోర్డు మీద రాసేవాడు. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పోయినాక బోర్డు తుడిచేదే గానీ రాసేది తగ్గింది. దీపావళి ముందర మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు. అనంతపురం వచ్చేసినాను.

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేసినాడు. "అక్కా, ఇక్కడ దిగుమతుల వల్ల పని పోయినోళ్లకు 1962 నుంచి ఒక పథకం ఉండేది. కార్మికులు కలిసి అర్జీ పెట్టొచ్చు. లేబర్ శాఖ విచారించి ఒప్పుకుంటే కొత్త పని నేర్పిస్తారు, నేర్చుకునేటప్పుడు భత్యం ఇస్తారు. 50 దాటినోళ్లు తక్కువ జీతానికి చేరితే తేడాలో సగం, రెండేళ్లలో 10 వేల డాలర్ల దాకా."

నోరూరింది నాకు. "ఉండేది అంటావేంరా?"

2022 జూలై 1 నుంచి కొత్త అర్జీలు ఒప్పుకోవడం ఆపేసినారంట. అయినా అది బయటి సరుకు వచ్చిపడి పని పోయినోళ్లకు. మాది తిరగేసిన కథ, మా సరుకు ఆడికి పోలేక పోయింది.

నాకు దొరికేది ఈఎస్ఐ (కార్మికుల బీమా) వాళ్ల అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, పని పోయినోళ్లకిచ్చే భత్యం. 2018లో వచ్చింది. సగటు రోజు కూలీలో సగం, 90 రోజుల దాకా. బతుకులో ఒక్కసారే. ఆధార్‌లో నా ఇంటిపేరు ముందుంది, ఈఎస్ఐ కార్డులో వెనకుంది. అంతే, దరఖాస్తు తిప్పి పంపినారు. పదమూడేళ్లు జీతంలోంచి ఈఎస్ఐకి కోత పడింది ఏ పేరు మీదనో మరి!

రేపు టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ తీయించుకొని మళ్లీ పోవల్ల.